ఎవరి గోడ, ఎవరి బొమ్మ: టొలెడో నుంచి గ్రనాడా దాకా

యూదులు, ముస్లింలు బొమ్మల జోలికి పోరు, క్రైస్తవులు మాత్రం పెట్టుకుంటారు అని మనలో చాలామంది అనుకుంటాం. స్పెయిన్‌లో టొలెడో, కోర్దోబా, గ్రనాడా తిరిగితే ఆ లెక్క అడుగడుగునా తప్పుతుంది. నాతో వచ్చిన మిత్రుడిది కర్నూలు. ఇద్దరం హైదరాబాద్‌లో ఒకే ఆఫీసులో పనిచేస్తాం. చిన్నప్పుడు మసీదులో మౌల్వీ సాబ్ దగ్గర ఖురాన్ చదవడం నేర్చుకున్నాడు కాబట్టి అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు. అతను పక్కన లేకపోతే ఆ గోడల మీద సగం నాకు ఉత్త నగిషీగానే కనిపించేది.

మొదటి రోజు: టొలెడో

మాడ్రిడ్ అటోచా స్టేషన్ నుంచి టొలెడోకి రైలు అరగంట పైచిలుకు. దిగీ దిగగానే స్టేషనే ఆశ్చర్యపెట్టింది. గుర్రపు నాడా ఆకారపు కమానులు, ఇటుకల అల్లిక, చెక్క జాలీలు. ఏ నవాబు కట్టించిందో అనిపిస్తుంది గానీ ఇది 1919లో తెరిచిన స్టేషన్. టొలెడో ముస్లిం పాలకుల చేతిలోంచి ఆరో అల్ఫోన్సో రాజు చేతికి పోయింది 1085లో. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఈ ఊరు తన ముఖాన్ని ఆ కమానుల్లోనే చూసుకుంటోంది.

ముందు ఎక్కింది క్రిస్తో దె లా లూస్ అనే చిన్న కట్టడానికి. 999లో కట్టిన మసీదు. ఎంత చిన్నదంటే, పక్కకు సుమారు ఎనిమిది మీటర్లే. మధ్యలో నాలుగు స్తంభాలు, పైన తొమ్మిది చిన్న గుమ్మటాలు. తొమ్మిదింటిలో ఏ రెండూ ఒకలా ఉండవు. ఒకదానిలో పట్టీలు అడ్డంగా నిలువుగా కోసుకుంటాయి, ఇంకోదానిలో నక్షత్రంలా కలుస్తాయి. మెడ నొప్పెట్టేదాకా చూశాం. స్తంభాల తలలు ముస్లింలకు ముందు ఈ దేశాన్ని ఏలిన విసిగోత్ క్రైస్తవుల కట్టడాల నుంచి తెచ్చి పెట్టినవి. ముందు గోడ మీద ఇటుకలతోనే అరబ్బీ అక్షరాలు పేర్చారు. కట్టిన ఏడాది, కట్టించిన వాడి పేరు, మేస్త్రీ పేరు అందులోనే ఉన్నాయి. మేస్త్రీ మూసా ఇబ్న్ అలీ. వెయ్యేళ్ల కిందటి తాపీ మేస్త్రీ పేరు ఇంకా గోడ మీద ఉందంటే నాకు గొప్పగా అనిపించింది.

12వ శతాబ్దంలో దీన్ని చర్చి చేశారు. పడగొట్టలేదు. ఒక పక్క గోడ తెరిచి అర్ధవృత్తాకారపు బలిపీఠం గది చేర్చారు. ఆ గది పైకప్పులో, సింహాసనం మీద కూర్చున్న క్రీస్తు చిత్రం ఉంది. రంగు చాలా పోయింది. తొమ్మిది గుమ్మటాల కింద నిలబడితే ఎదురుగా ఆ ముఖం. ఒక్క జీవి కూడా లేని గదిలోంచి ఒక ముఖం వైపు చూస్తున్నాం. మా వాడు కాసేపాగి, "కట్టడంలో పెద్ద తేడా ఏం లేదన్నా, ఆ ముఖం ఒక్కటే తేడా" అన్నాడు.

మధ్యాహ్నం సాన్ రొమాన్ చర్చికి వెళ్లాం. ఇప్పుడది విసిగోత్‌ల మ్యూజియం. ఎక్కువమంది రారు. నన్నడిగితే టొలెడోలో తప్పక చూడాల్సింది ఇదే. 1221లో ప్రతిష్ఠించిన కాతలిక్ చర్చి. లోపల గుర్రపునాడా కమానులు, వాటికి కోర్దోబా మసీదులో ఉన్నట్టే ఎరుపు తెలుపు పట్టీలు. గోడల మీద దేవదూతలు, పునీతులు, అంత్య తీర్పునాడు చనిపోయినవాళ్లు సమాధుల మూతలు తోసుకుని లేవడం. ఆ చిత్రాల మధ్యనే కిటికీల చుట్టూ అంచుగా అరబ్బీ అక్షరాలు! చర్చి కట్టింది క్రైస్తవులు, ప్రతిష్ఠించింది ఆర్చిబిషప్. మరి ఆ అక్షరాలెందుకు? కారణం ఊళ్లోనే ఉంది. టొలెడో క్రైస్తవుల్లో చాలామంది తరతరాలుగా అరబ్బీ మాట్లాడినవాళ్లు. 13వ శతాబ్దంలో కూడా పొలం అమ్ముకున్న దస్తావేజులు అరబ్బీలోనే రాసుకున్నారు. అందంగా రాయాలంటే వాళ్లకు తెలిసిన రాత అదే.

రెండో రోజు: టొలెడో యూదుల పేట

సాంతా మరియా లా బ్లాంకా అన్న పేరు వింటే చర్చి అనిపిస్తుంది. అది 12, 13 శతాబ్దాల నాటి సినగాగ్, అంటే యూదుల ప్రార్థనాలయం. 15వ శతాబ్దం మొదట్లో చర్చిగా మార్చేశారు. లోపల అంతా తెలుపు. ఎనిమిది పలకల స్తంభాలు, వాటి మీద తెల్లటి నాడా కమానులు, స్తంభాల తలల మీద దేవదారు కాయల నగిషీ. మసీదులోకి అడుగుపెట్టామనే అనిపిస్తుంది. కట్టిన పనివాళ్లకు వచ్చిన పని అది, కట్టించుకున్న యూదులకు అందమంటే తెలిసిందీ అదే.

ఎల్ త్రాన్సితో సినగాగ్‌లో మేం మూడు గంటలు ఉన్నాం. కస్తీల్ రాజు పెద్రో దగ్గర కోశాధికారిగా ఉన్న సమూయెల్ హ లేవీ 1357 ప్రాంతంలో కట్టించాడు. బయటి నుంచి ఏమీ లేదు. లోపలికి వెళితే తూర్పు గోడంతా సున్నపు గారలో చెక్కిన నగిషీ. ఒక్కచోట నిలబడి దగ్గరగా చూడండి. ద్రాక్ష తీగలు, ఆకులు, వాటి మధ్య కస్తీల్ కోట, లియోన్ సింహం ఉన్న రాజముద్రలు. అంచుల వెంబడి హీబ్రూలో దావీదు కీర్తనలు హాలు చుట్టూ తిరుగుతాయి. నగిషీలోపల అరబ్బీలో శుభాకాంక్షలు. మా వాడు మెల్లగా కొన్ని అక్షరాలు కూడబలుక్కున్నాడు. యూదుల ప్రార్థన గదిలో, క్రైస్తవ రాజుగారి సింహం, ముస్లింల రాత. ధర్మశాస్త్రపు చుట్టలు ఉంచిన గూడు పక్కనే ఇవన్నీ.

బైబిల్లోని పది ఆజ్ఞల్లో రెండోది మనకు తెలుసు, ఆకాశంలో ఉన్నదాని రూపమైనా భూమ్మీద ఉన్నదాని రూపమైనా చేసుకుని మొక్కవద్దని. అదే నిర్గమకాండంలో ఐదు అధ్యాయాలు దాటితే, ఆ ఆజ్ఞల పలకలు దాచే మందసం మూత మీద బంగారు కెరూబులను, అంటే దేవదూతలను, రెక్కలు చాపినట్టు చెయ్యమని ఉంటుంది. కాబట్టి ఆ మాట మొదటి నుంచీ మొక్కడం గురించే అని నాకు అనిపిస్తుంది. ఇక్కడి మ్యూజియంలో తర్రగోనా ఊరి నుంచి తెచ్చిన ఒక పాత రాతి తొట్టి ఉంది. దాని మీద హీబ్రూ, లాటిన్, గ్రీకు మూడు రాతలూ ఉన్నాయి. ఏడు కొమ్మల దీపస్తంభం, ఒక చెట్టు, నెమళ్లు చెక్కారు. ఆ నెమలినే అదే కాలపు క్రైస్తవులు చావులేని బతుక్కి గుర్తుగా తమ సమాధుల మీద చెక్కుకున్నారు. యూదులకు అసలు పాత గుర్తు ఈ ఏడు కొమ్మల దీపమే. ఆరు కోణాల నక్షత్రం సంగతి గ్రనాడాలో చెబుతాను.

ఇదంతా చూసి అందరూ కలిసిమెలిసి హాయిగా బతికారని రాసేయడం తేలిక. నేను ఒప్పుకోను. సమూయెల్ హ లేవీని అదే పెద్రో రాజు పట్టించి చిత్రహింసలు పెట్టించాడు, 1360 ప్రాంతంలో అందులోనే చనిపోయాడు. 1391లో సెవిల్‌లో మొదలైన ఊచకోత కోర్దోబా, టొలెడో యూదుల పేటల దాకా పాకింది. 1492 మార్చి 31న యూదులను దేశం విడిచిపొమ్మన్న ఉత్తర్వు వచ్చింది. ఈ సినగాగ్‌ని క్రైస్తవ యోధుల సంఘానికి ఇచ్చేశారు. గోడల మీద హీబ్రూ కీర్తనలు మాత్రం చెరపలేదు. చదివేవాళ్లు లేకుండా ఐదు వందల ఏళ్లు అలాగే ఉన్నాయి.

మూడో రోజు: రైలు, కోర్దోబా

టొలెడో నుంచి కోర్దోబాకి వెళ్లాలంటే మళ్లీ మాడ్రిడ్ వచ్చి ఎక్కాలి. స్పీడ్ రైల్లో రెండు గంటలు పట్టదు. సాయంత్రం యూదుల పేటలో యూదు తత్వవేత్త మైమోనిడిస్ విగ్రహం చూశాం. ఆయన ఈ ఊళ్లోనే 1138 ప్రాంతంలో పుట్టాడు. 1148లో ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన అల్మొహద్ ముస్లిం పాలకులు ఊరిని పట్టుకుని యూదులను మతం మారమంటే కుటుంబం ఊరు వదిలింది. చివరికి ఈజిప్టు చేరి, సుల్తాన్ సలాహుద్దీన్ ఆస్థానంలో వైద్యం చేసి, 1204లో చనిపోయాడు. తన గొప్ప తత్వగ్రంథాన్ని అరబ్బీ భాషలో, హీబ్రూ లిపిలో రాశాడు. దేవుడికి శరీరం లేదు, దేవుడి చెయ్యి, దేవుడి కన్ను అని ఎక్కడ చదివినా అది పోలికే అని జీవితమంతా వాదించిన మనిషి. విగ్రహం పాదాన్ని వచ్చినవాళ్లంతా తాకుతున్నారు. ఆ చెప్పు మాత్రం మెరిసిపోతోంది. మనిషికి తాకడానికి ఏదో ఒకటి కావాలి. ఈ మాట కోర్దోబాలోనే కాదు, నేను చూసిన ప్రతి గుళ్లోనూ దర్గాలోనూ నిజమే.

నాలుగో రోజు: కోర్దోబా పెద్ద మసీదు

ఉదయం ఎనిమిదిన్నరకే వెళ్లడం మంచిది. గుంపులు రావు, స్తంభాల మధ్య వెలుగు బాగుంటుంది. ఒకటో అబ్దుర్ రహమాన్ 785 ప్రాంతంలో మొదలుపెట్టించాడు. రెండు వందల ఏళ్ల పాటు పెంచుతూ పోయారు. ఎనిమిది వందలకు పైగా స్తంభాలు ఇప్పటికీ ఉన్నాయి. మొదటి భాగంలోవి రోమన్, విసిగోత్ కట్టడాల నుంచి తెచ్చినవి. ఒకటి నల్లగా, ఒకటి గులాబీ రంగులో, తలలు ఒక్కొక్కటీ ఒక్కో రకం. పొడుగు చాలక పైన రెండంతస్తుల కమానులు పెట్టి కప్పు లేపారు. ఆ అవసరంలోంచి వచ్చిన అందాన్ని ఊరంతా, దేశమంతా నకలు తీసింది. టొలెడో చర్చిలో చూసిన ఎరుపు తెలుపు పట్టీల పుట్టుక ఇక్కడ.

నమాజు దిక్కు చూపే గూడు మెహరాబ్. దాని దగ్గర మేమిద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఖలీఫా రెండో అల్ హకమ్ 965 ప్రాంతంలో చేయించాడు. కాన్‌స్టాంటినోపుల్‌లోని క్రైస్తవ చక్రవర్తికి కబురు పెడితే, మొజాయిక్ పని తెలిసిన మనిషినీ, బళ్ల కొద్దీ గాజు ముక్కల్నీ పంపించాడని పాత అరబ్బీ చరిత్రకారులు రాశారు. ఇనుప కంచె దగ్గర నిలబడి చూస్తే ఒక్కో ముక్క వేలిగోరు కంటే చిన్నది. గాజు మధ్యలో బంగారు రేకు పెట్టి చేసినవి. అవన్నీ ఒకే మట్టంలో ఉండవు, కొద్దికొద్దిగా వాలి ఉంటాయి, అందుకే మనం ఒక అడుగు పక్కకు జరిగితే మెరుపు కూడా జరుగుతుంది. నీలం మీద బంగారు అక్షరాలు, చుట్టూ ఆకులు, పూలు. జీవి అన్నది లేదు. కాన్‌స్టాంటినోపుల్‌లో అప్పటికి నూటపాతికేళ్ల కిందటే పెద్ద కొట్లాట తేలింది. క్రీస్తు బొమ్మలు చెరిపేయాలా ఉంచాలా అని వందేళ్లకు పైగా కొట్టుకుని, 843లో ఉంచాలనే తీర్మానించారు. తర్వాత అక్కడి గోడలన్నీ ముఖాలతో నిండాయి. ముఖాలు చేసిన ఆ పనితనమే ఇక్కడికి వచ్చి ఆకులూ అక్షరాలూ చేసింది. ఖురాన్‌లో బొమ్మలు గీయవద్దని సూటిగా చెప్పిన ఆయతు (వాక్యం) లేదు, ప్రవక్త మాటలుగా చెప్పుకునే హదీసుల్లో ఉంది. మసీదులో మాత్రం ఆ నియమాన్ని ఎక్కడా సడలించలేదు.

1236లో ఊరు మూడో ఫెర్నాండో రాజు వశమయ్యాక ఇది కెథెడ్రల్ అయింది. 1523లో స్తంభాల అడవి నడుమ కొన్ని వరుసలు తీసేసి పెద్ద చర్చి కట్టడం మొదలుపెట్టారు. పక్క గోడల పొడుగునా చిన్న చిన్న ప్రార్థన గదులు, సిలువలు, మరియమాత విగ్రహాలు. ఇప్పటికీ పూజలు జరిగే చర్చే, కాబట్టి ముస్లింలు ఇక్కడ నమాజు చేయడానికి వీల్లేదు. మా వాడికి ముందే తెలుసు. మెహరాబ్ ముందు చేతులు కట్టుకుని కాసేపు నిలబడి వచ్చేశాడు. "బాధగా ఉందా?" అని అడిగితే, "కట్టడం నిలబడింది కదన్నా. చర్చి చేసుకున్నారు కాబట్టే కూల్చలేదు" అన్నాడు. ఆ మాటలో నిజముంది. అయినా ఆ చర్చి మధ్యలో నిలబడితే, తీసేసిన స్తంభాల లోటు నాకు కళ్లకు కడుతూనే ఉంది.

సాయంత్రం కోర్దోబా సినగాగ్. ఒక గది, అంతే. 1315లో ఇసాక్ మోహేబ్ అనే ఆయన కట్టించినట్టు హీబ్రూ రాత ఉంది. గోడల సున్నపు గారలో ఆరు కోణాల నక్షత్రాలు అల్లుకుని ఉంటాయి. చూడగానే యూదుల గుర్తు అనుకుంటాం, కానీ అప్పట్లో అది అందరూ వాడిన నగిషీ. 1492 తర్వాత దీన్ని కుక్కకాటు పిచ్చి రోగుల ఆసుపత్రి చేశారు. 1588లో చెప్పులు కుట్టేవాళ్ల సంఘం తమ చర్చిగా తీసుకుంది. 1884లో గార పెచ్చులూడి కింద హీబ్రూ అక్షరాలు బయటపడ్డాయి. పడమటి గోడ గూటిలో రంగుతో వేసిన సిలువ ఇంకా అలాగే ఉంది.

ఐదో రోజు: మదీనత్ అజ్జహ్రా

ఊరి బయట ఖలీఫా మూడో అబ్దుర్ రహమాన్ కట్టించిన రాజధాని శిథిలాలు. ఎండలో తిరగడం కష్టం, టోపీ, నీళ్లు తప్పనిసరి. నాకు ఇక్కడ గుర్తుండిపోయింది మ్యూజియంలోని కంచు జింక. పదో శతాబ్దానిది. ఒళ్లంతా తీగల నగిషీ చెక్కారు, నోట్లోంచి నీళ్లు పడేవి. పెద్ద మసీదులో ఒక పిట్టను కూడా చెక్కనివ్వని ఖలీఫాలే తమ తోటలో జింకను పెట్టుకున్నారు. ఎవరూ మొక్కని చోట బొమ్మకు అడ్డు లేదు. రాత్రికి గ్రనాడా చేరాం.

ఆరో రోజు: అల్హంబ్రా

అల్హంబ్రా గ్రనాడా సుల్తానుల కోట. టికెట్లు చాలా ముందే కొనాలి, ఆ సుల్తానుల వంశం పేరున్న నస్రీ రాజభవనాలకు ఇచ్చిన టైమ్‌కే లోపలికి పంపుతారు. నేను మాత్రం ముందు న్యాయ ద్వారం దగ్గర ఆగమంటాను. 1348లో ఒకటో యూసుఫ్ సుల్తాన్ కట్టించాడు. బయటి కమాను నడినెత్తిన రాయిలో ఒక చెయ్యి చెక్కి ఉంది. ఐదు వేళ్లూ నిటారుగా, మణికట్టు కింద కొంచెం ముంజేయి. లోపలి కమాను మీద తాళంచెవి. దాని పైన గూటిలో బాలయేసును ఎత్తుకున్న మరియమాత. గ్రనాడా గెలిచాక క్రైస్తవ రాజదంపతులు ఇసబెల్లా, ఫెర్డినాండ్ పెట్టించిన విగ్రహం, ఇప్పుడున్నది నకలు.

ఆ చేతిని చూసి మేమిద్దరం ఒకేసారి "పంజా" అన్నాం. మా అనంతపురం వైపు మొహర్రం వస్తే పీర్ల చావిడిలో నిలబెట్టే పంజా అదే ఆకారం. ఐదు వేళ్లంటే ముహమ్మద్ ప్రవక్త, ఫాతిమా, అలీ, హసన్, హుసేన్ అని మాకు చిన్నప్పుడు చెప్పారు. హిందువుల ఇళ్లవాళ్లమే చక్కెర చదివింపులు తీసుకెళ్లేవాళ్లం. ఇక్కడ ఐదు వేళ్లంటే ఇస్లాంలోని ఐదు విధులని కొందరు, దిష్టి తగలకుండా అని కొందరు అంటారు. స్పెయిన్ నుంచి ఉత్తర ఆఫ్రికాకు పోయిన యూదులూ ఈ చేతినే గుమ్మాలకు కట్టుకున్నారు. వాళ్లు దాన్ని మోషే అక్క మిరియం చెయ్యి అంటారు.

లోపల గోడల మీద ఒకే మాట వేలసార్లు. మా వాడు ఇక్కడ కూడబలుక్కోనక్కర్లేకపోయింది. "వ లా గాలిబ ఇల్లల్లాహ్", అల్లా తప్ప విజేత లేడు. రాయబారుల హాలు పైకప్పు ఎనిమిది వేలకు పైగా చెక్క ముక్కలతో చేశారు. ఏడు ఆకాశాలకు గుర్తు. కప్పు కింది అంచున ఖురాన్‌లోని ముల్క్ సూరా. ఏడు ఆకాశాలను ఒకదానిపై ఒకటిగా సృష్టించాడనే మాట ఆ సూరాలోనే వస్తుంది. అక్షరమూ నక్షత్రాల కప్పూ కలిసి ఒకే మాట చెబుతున్నాయి.

ఇక సింహాల ఆవరణ. పన్నెండు పాలరాతి సింహాలు, సుల్తాన్ ఐదో ముహమ్మద్ కాలానివి. ముఖాలు ఒక్కొక్కటీ వేరు. దాని పక్కన రాజుల హాలు. పైకప్పుల్లో తోలు మీద గీసిన చిత్రాలు! నడిమి కప్పులో తలపాగాలు చుట్టుకుని కత్తులు పట్టుకున్న పదిమంది పెద్దమనుషులు బంగారు నేపథ్యంలో కూర్చున్నారు. పక్క కప్పుల్లో వేట, చదరంగం ఆడుతున్న జంట, బురుజు మీద నుంచి రాచకన్య చూస్తుండగా క్రైస్తవ యోధుణ్ని బల్లెంతో పొడుస్తున్న ముస్లిం యోధుడు. గీత మాత్రం క్రైస్తవ చిత్రకారుల పద్ధతి.

ఏడో రోజు: గ్రనాడా, సాక్రొమోంతె

ఉదయం రాజ చాపెల్. ఇసబెల్లా, ఫెర్డినాండ్ సమాధులు ఇక్కడే. నేను చూడాలనుకున్నది బలిపీఠం అడుగున చెక్కిన దృశ్యాలు. ఒకవైపు 1492 జనవరి 2న గ్రనాడా లొంగిపోవడం. ఇంకోవైపు వరసలో నిలబెట్టి ముస్లింలకు బాప్తిస్మం ఇవ్వడం. ఆ తలలు వంచుకున్న ఆడవాళ్ల ముసుగులు చూస్తే గుండె బరువెక్కింది. బొమ్మ అంటే భక్తే కాదు, గెలిచినవాడి దస్తావేజు కూడా.

గ్రనాడా గురించి ఇంకో సంగతి చెప్పాలి. నాలుగో శతాబ్దం మొదట్లో, రోమన్ల కాలంలో, ఇక్కడే ఎల్విరాలో బిషప్‌లు సభ పెట్టుకుని కొన్ని నియమాలు చేశారు. అందులో 36వది: చర్చిల్లో చిత్రాలు ఉండకూడదు, ఆరాధించేదాన్ని గోడల మీద గీయకూడదు. అంటే ఇదే ఊళ్లో క్రైస్తవులు బొమ్మలు వద్దన్నారు, వెయ్యేళ్ల తర్వాత ముస్లిం సుల్తాన్ తన భవనం కప్పు మీద మనుషుల్ని గీయించాడు.

మధ్యాహ్నం కొండ మీది సాక్రొమోంతె మఠం. 1595 నుంచి ఈ కొండలో గుండ్రటి సీసపు పలకల పుస్తకాలు దొరకసాగాయి. ఇరవై పైచిలుకు. వింత అరబ్బీ రాత, మధ్యమధ్యలో ఆరు కోణాల నక్షత్రాలు, సొలొమోను ముద్ర. క్రీస్తు శిష్యుడు యాకోబు వెంట వచ్చిన అరబ్బులే ఇక్కడి తొలి క్రైస్తవులని అందులో ఉంది. "అల్లా తప్ప దేవుడు లేడు, యేసు అల్లా ఆత్మ" అనే మాట ఉంది. మొరిస్కోలే, అంటే బలవంతంగా బాప్తిస్మం తీసుకోవాల్సి వచ్చిన ముస్లింలూ వాళ్ల సంతతీ, రాసి పాతిపెట్టారని పండితుల అభిప్రాయం. వాటిని చదవడానికి పిలిచిన దుబాసీల మీదే అనుమానం. అరబ్బులు కూడా ఈ నేల క్రైస్తవులే అని రుజువైతే తమను బతకనిస్తారని ఆశ. ఆర్చిబిషప్ నమ్మాడు, ఈ మఠం కట్టించాడు. అందుకే ఆవరణ కమానుల మీద ఆ నక్షత్రం కనిపిస్తుంది.

అప్పటికి ఆ నక్షత్రం ఇంకా యూదులందరి గుర్తు కాలేదు. 17వ శతాబ్దం నుంచి ప్రాగ్ యూదుల ద్వారా అది వాళ్ల గుర్తుగా వ్యాపించింది. ముస్లింలకు అది సులేమాన్ ముద్ర. ఢిల్లీలో హుమాయూన్ సమాధి మీదా ఉంది. మనకు యంత్రాల్లో షట్కోణం తెలిసిందే.

మొరిస్కోల ఆశ ఫలించలేదు. 1609 నుంచి 1614 దాకా దాదాపు మూడు లక్షల మందిని ఓడలెక్కించి పంపేశారు. 1682లో రోమ్ ఆ పలకలు కల్పితాలని తేల్చింది. 2000లో అవి గ్రనాడాకు తిరిగొచ్చాయి. కల్పితమే కావచ్చు, ఆ రాసినవాళ్ల మీద నాకు గౌరవమే కలిగింది. ఇల్లూ ఊరూ వదలకుండా ఉండడానికి చేతిలో ఉన్న అక్షరాన్నీ నక్షత్రాన్నీ నమ్ముకున్నారు.

మేం బయలుదేరుతుంటే ఒక కుటుంబం కమాను మీది నక్షత్రాన్ని చూపించి, ఇక్కడ యూదులుండేవారా అని గైడ్‌ని అడిగింది. ఆమె 1595 నుంచి మొదలుపెట్టింది. మా వాడు "ఒక్క పది నిమిషాలన్నా" అని మళ్లీ వాళ్ల వెనక చేరాడు.